పెట్ స్నేక్: పామును పెంచుకోవాలని ఉందా..? పొలంలో దొరికిందే కదా అనుకుంటే జైలుకే..!

మెడలో పాము వేసుకున్న రీల్స్ చూసి కొందరు కుర్రాళ్లకు పాము పెంచాలనే సరదా పుడుతోంది. వి.కోట, కుప్పం వైపు పాములకు కొదవేం లేదు. కౌండిన్య అడవులు దగ్గరే. టమాటా తోటల్లో జెర్రిపోతు కనిపించడం మామూలే. విషం లేదు కదా అని డబ్బాలో పెట్టి పెంచితే మాత్రం చిక్కులు తప్పవు.

వన్యప్రాణి సంరక్షణ చట్టానికి 2022లో చేసిన సవరణ ప్రకారం జెర్రిపోతు, నాగుపాము, కొండచిలువ మూడూ షెడ్యూల్-1లోనే ఉన్నాయి. వాటిని పట్టుకుంటే 3 నుంచి 7 ఏళ్ల జైలు, జరిమానా కూడా.

మరి ఏది పెంచొచ్చు?

కొత్తవాళ్లకు ఆఫ్రికాకు చెందిన బాల్ పైథాన్, అమెరికాకు చెందిన కార్న్ స్నేక్ అనువైనవి. రెండింటికీ విషం ఉండదు. 3 నుంచి 5 అడుగుల వరకు పెరుగుతాయి. అయితే బాల్ పైథాన్‌ను 30 రోజుల్లోగా కేంద్రం పరివేష్ పోర్టల్‌లో నమోదు చేయాలి. కాగితాలు లేకుండా తక్కువ ధరకు ఇస్తామంటే స్మగ్లింగ్ సరుకేమోనని అనుమానించాల్సిందే.

ఎలా చూసుకోవాలి?

* తాళం పడే బోను, దాక్కునే చోటు, నీళ్ల గిన్నె తప్పనిసరి.
* బోనులో ఓ వైపు వెచ్చగా, మరో వైపు చల్లగా ఉండాలి. బాల్ పైథాన్‌కు వెచ్చని వైపు 32 డిగ్రీల దాకా కావాలి.
* వారం, రెండు వారాలకోసారి ఎలుక చాలు. తిన్నాక 2 రోజులు ముట్టుకోవద్దు.

బాల్ పైథాన్ 20 ఏళ్లకు పైనే బతుకుతుంది. మోజు తీరాక పొలంలో వదిలేద్దామంటే కుదరదు. ఇంట్లోకి పాము వస్తే మాత్రం పట్టుకోకుండా అటవీ శాఖకు ఫోన్ చేయండి.