గోడ మీద సర్టిఫికెట్, కౌంటర్ వెనుక కులం

ఏ మండల కేంద్రంలోనైనా మందుల దుకాణంలోకి అడుగుపెడితే గోడ మీద అద్దాల చట్రంలో ఒక రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్ వేలాడుతూ కనిపిస్తుంది. చాలా చోట్ల ఆ సర్టిఫికెట్ మీది పేరు ఒకరిది, కౌంటర్ దగ్గర నిలబడి మందులు తీసి ఇచ్చే చేయి మరొకరిది. వైద్యుడు రాసిన చీటీ మీద మందు ఇవ్వవలసింది రిజిస్టర్డ్ ఫార్మసిస్టు మాత్రమేనని 1948 నాటి ఫార్మసీ చట్టం 42వ సెక్షన్ చెబుతోంది. అయినా నెలకింత అని మాట్లాడుకుని సర్టిఫికెట్టును అద్దెకిచ్చే పద్ధతి తెలుగు నేల మీద బహిరంగ రహస్యం. దీనిని ఔషధ నియంత్రణ శాఖ అలసత్వంగానో, యువతరం బాధ్యతారాహిత్యంగానో చూసి సరిపెట్టుకుంటున్నాం. దుకాణం ఎవరిది, సర్టిఫికెట్ ఎవరిది, జీతం ఇచ్చే ఉద్యోగం ఎవరికి దొరకలేదు అన్న మూడు ప్రశ్నలు కలిపి అడిగినప్పుడే ఇందులోని కులం బయటపడుతుంది.

ఫీజు రీయింబర్స్‌మెంట్ వచ్చాక దళిత, ఆదివాసీ, వెనుకబడిన కులాల, ముస్లిం కుటుంబాల పిల్లలు ఫార్మసీ కళాశాలల మెట్లెక్కారు. ఎంబీబీఎస్ సీటు అందని బైపీసీ విద్యార్థికి చేతికందే వృత్తి విద్య ఇదే. వారిలో అనేకులు తమ ఇంట్లో తొలిసారి తెల్లకోటు తొడిగినవారు. ప్రైవేటు విద్యాసంస్థల్లో రిజర్వేషన్లకు 2005 నాటి 93వ రాజ్యాంగ సవరణ ద్వారా 15(5) అధికరణం వచ్చింది. ఉద్యోగాల విషయంలో 16(4) అధికరణం మాత్రం ప్రభుత్వ సర్వీసుల దగ్గరే ఆగిపోయింది. అంటే ప్రైవేటు కళాశాల గేటు వరకు రాజ్యాంగం తోడు వస్తుంది. ప్రైవేటు కంపెనీ గేటు దగ్గర చేయి వదిలేస్తుంది. ఆ తోడు కూడా నిలకడైనది కాదు. ప్రభుత్వం బకాయిలు చెల్లించలేదంటూ కళాశాలలు ఒరిజినల్ సర్టిఫికెట్లు ఆపివేస్తే, ఇంటర్వ్యూ తేదీ దాటిపోయేది అప్పు తెచ్చి కట్టగల స్తోమత లేని విద్యార్థికే.

హైదరాబాద్ ఔషధ పరిశ్రమ చరిత్రను ఒకసారి గుర్తు చేసుకోవాలి. ఆ పరిశ్రమకు తల్లివేరు 1961లో ప్రభుత్వ రంగంలో ఏర్పడిన ఐడీపీఎల్. దాని హైదరాబాద్ కర్మాగారం ఎందరో రసాయన శాస్త్రవేత్తలకు శిక్షణాలయమైంది. 1984లో డాక్టర్ రెడ్డీస్ సంస్థను స్థాపించిన కల్లం అంజిరెడ్డి ఐడీపీఎల్‌లో పనిచేసినవారే. ప్రభుత్వ రంగ సంస్థ కనుక అక్కడి నియామకాలకు రిజర్వేషన్ల రోస్టరు వర్తించింది. 1990లలో ఆ సంస్థ ఖాయిలా పడింది. అక్కడ పెరిగిన జ్ఞానం ప్రైవేటు కంపెనీలకు తరలివెళ్లింది. రోస్టరు మాత్రం తరలివెళ్లలేదు. కోస్తా జిల్లాల సేద్యపు మిగులు వ్యాపారంలోకి, పరిశ్రమలోకి ఎలా ప్రవహించిందో, ఆ ప్రవాహంలో భూస్వామ్య కులాల బంధుత్వాలు ఏ పాత్ర వహించాయో కరోల్ ఉపాధ్య 1988లోనే విశ్లేషించారు. భూమి లేని కులాలకు ఆ మిగులులో వాటా లేదు. కనుక యాజమాన్యంలోనూ వాటా లేదు.

కంపెనీలు కులం చూడవు, నైపుణ్యం చూస్తాయన్నది తరచూ వినిపించే సమాధానం. దీనిని పరీక్షించిన అధ్యయనం ఉంది. సుఖదేవ్ థోరట్, పాల్ అట్వెల్ పత్రికా ప్రకటనలు చూసి ప్రైవేటు సంస్థలకు సమాన అర్హతలున్న దరఖాస్తులు పంపారు. ఇంటిపేర్లు మాత్రమే మార్చారు. 548 ప్రకటనలకు పంపిన 4,808 దరఖాస్తుల ఫలితాలు 2007లో ప్రచురితమయ్యాయి. అగ్రకుల హిందువు పేరుతో పోలిస్తే దళితుడి పేరున్న దరఖాస్తుకు పిలుపు వచ్చే అవకాశం దాదాపు మూడింట రెండు వంతులే. ముస్లిం పేరుకు మూడింట ఒక వంతే. అదే కాలంలో సురీందర్ జోధ్కా, కేథరిన్ న్యూమన్ మానవ వనరుల అధికారులతో మాట్లాడారు. కులాన్ని పట్టించుకోబోమన్న అధికారులే అభ్యర్థి కుటుంబ నేపథ్యానికి విలువనిస్తామని అంగీకరించారు. తెలుగు ఇంటర్వ్యూ గదిలో ఆ నేపథ్యాన్ని రాబట్టే ప్రశ్నలు మనందరికీ తెలిసినవే. మీది ఏ ఊరు? నాన్నగారు ఏం చేస్తారు? ఎంత పొలం ఉంది? ఇక్కడ మీకు తెలిసినవారెవరైనా ఉన్నారా? మందు తయారీకి ఈ నాలుగింటితోనూ పని లేదు.

ఉద్యోగం దొరికాక రాజకీయం మరో రూపం దాలుస్తుంది. ఒకే డిగ్రీ ఉన్న ఇద్దరిలో ఎవరిని ద్రావకాల ఘాటులో నడిచే ఉత్పత్తి విభాగానికి పంపుతారు, ఎవరిని చల్లని గదిలోని నాణ్యతా విభాగానికో రెగ్యులేటరీ విభాగానికో పంపుతారు అన్నది కాగితం మీద పరిపాలనా నిర్ణయం. కానీ పదోన్నతి, విదేశీ తనిఖీ బృందాల ఎదుట నిలబడే అనుభవం, మరో కంపెనీకి మారే బలం ఆ నిర్ణయంతోనే ముడిపడి ఉంటాయి. ఆసుపత్రి ఫార్మసీలో రాత్రి షిఫ్టులు ఎవరి వంతు, పండుగ సెలవు ఎవరికి, స్టాకు లెక్కలో తేడా వస్తే మొదటి అనుమానం ఎవరి మీద అన్నవి చిన్న విషయాలుగా కనిపిస్తాయి. ఈ చిన్న విషయాలతోనే మనిషిని ఉద్యోగం నుంచి వెళ్లగొట్టవచ్చు. ఎవరూ కులం పేరెత్తి తిట్టరు. కనుక అట్రాసిటీ చట్టం కింద కేసు నిలవదు. రాజీనామా పత్రంలో ‘వ్యక్తిగత కారణాలు’ అని మాత్రమే ఉంటుంది.

అయితే సొంత దుకాణం పెట్టుకోవచ్చు కదా అంటారు. చిల్లర మందుల దుకాణానికి నిబంధనలు కోరేది 10 చదరపు మీటర్ల స్థలం, ఒక ఫార్మసిస్టు. నిబంధనల్లో లేనివే అసలు పెట్టుబడి. బజారులో గది అద్దెకిచ్చే యజమాని అడిగే ప్రశ్న ఒకటి. డిస్ట్రిబ్యూటరు నమ్మకం మీద ఇచ్చే అరువు సరుకు రెండోది. ఆ నమ్మకం వ్యాపార కులాల బంధుత్వాల్లో, తరతరాల పరిచయాల్లో పెరిగినది. స్టాకిస్టు కావాలంటే వర్తక సంఘం నుంచి నిరభ్యంతర పత్రం తేవాలన్న పద్ధతి పోటీకి విరుద్ధమని కాంపిటిషన్ కమిషన్ 2013లో తీర్పు చెప్పవలసి వచ్చింది. ఆ తీర్పులో కులం ప్రస్తావన లేదు. కానీ సంఘం అనుమతి లేనిదే సరుకు రాని బజారులో సంఘంలో తనవారు ఎవరూ లేనివాడి గతి ఏమిటో ఊహించడం కష్టం కాదు. సర్టిఫికెట్ అద్దెకిచ్చేవారు అన్ని కులాల్లోనూ ఉన్నారు. అందులో కొందరికి అది ఉద్యోగంతో పాటు వచ్చే అదనపు ఆదాయం. పెట్టుబడి లేని, సిఫారసు లేని కుటుంబం నుంచి వచ్చినవాడికి మాత్రం నాలుగేళ్ల చదువుకు బజారు కట్టిన ధర అదొక్కటే. అతని పేరు దుకాణానికి కావాలి, అతడు అక్కర్లేదు.

మిగిలింది ప్రభుత్వ ఉద్యోగం. ఏళ్ల తరబడి ఎదురుచూశాక 2024 సెప్టెంబర్‌లో తెలంగాణలో 633 ఫార్మసిస్టు గ్రేడ్-2 పోస్టులకు నోటిఫికేషన్ వెలువడింది. రాత పరీక్షకు 80 మార్కులు, ప్రభుత్వ ఆసుపత్రుల్లో కాంట్రాక్టు, ఔట్‌సోర్సింగ్ సేవకు 20 పాయింట్లు. గిరిజన ప్రాంతాల్లో ప్రతి ఆరు నెలల సేవకు 2.5, ఇతర చోట్ల 2 పాయింట్లు. అంటే ఐదేళ్లు పనిచేసినవారికి ఇరవైకి ఇరవై. కొత్తగా పట్టా పుచ్చుకున్నవారికి సున్న. కొద్దిపాటి జీతంతో, భద్రత లేకుండా, కరోనా కాలంలో సైతం పనిచేసినవారికి ఈ గుర్తింపు న్యాయమే. వారిలో దళిత, బహుజన స్త్రీలు కూడా ఉన్నారు. కానీ ఔట్‌సోర్సింగ్ ఏజెన్సీ ఆ ఉద్యోగాన్ని మొదట ఎవరికిచ్చింది? ఏ ప్రకటన వేసి, ఏ జాబితా పెట్టి, ఏ రోస్టరు పాటించి ఇచ్చింది? స్థానిక నాయకుడి ఫోను మీద దొరికిన ఉద్యోగం ఐదేళ్ల తర్వాత 20 పాయింట్లుగా మారుతుంటే, ముందు గుమ్మంలో పాటించిన రిజర్వేషన్ పక్క గుమ్మంలో పలచబడుతుంది. ఒకే రిజర్వుడు వర్గంలో పోటీపడే ఇద్దరిలో కూడా నాయకుడి గడప తొక్కగలిగినవాడిదే పైచేయి అవుతుంది. 45 రోజులు, అంతకు మించిన తాత్కాలిక నియామకాల్లోనూ రిజర్వేషన్ పాటించాలని కేంద్ర ప్రభుత్వం 2022 నవంబర్‌లో తన శాఖలకు గుర్తుచేసింది. రాష్ట్రాల ఆసుపత్రులకు ఆ సూత్రం ఎందుకు పనికిరాదో పాలకులే చెప్పాలి.

2025లో రెండు తెలుగు రాష్ట్రాలూ ఎస్సీ వర్గీకరణను అమలులోకి తెచ్చాయి. దశాబ్దాల పోరాటానికి దక్కిన ఫలితమది. అయితే పంచుకోవలసిన శాశ్వత పోస్టులే తరిగిపోయి, పని అంతా ఏజెన్సీల పాలైతే, ఏ సమూహానికి ఎంత శాతం అన్న లెక్క కాగితం మీద మిగిలిపోతుంది. మాదిగ, మాల, వారి ఉపకులాల యువత కలిసి అడగవలసిన ప్రశ్న ఇది.

ప్రైవేటు రంగం జోలికి ప్రభుత్వం పోలేదన్న వాదన కూడా నిలవదు. పరిశ్రమల్లో 75 శాతం ఉద్యోగాలు స్థానికులకివ్వాలని ఆంధ్రప్రదేశ్ 2019లో చట్టం చేసింది. దాని రాజ్యాంగబద్ధతపై వాదోపవాదాలు ఉండవచ్చు, అమలుపై విమర్శలు ఉండవచ్చు. కానీ స్థానికత పేరుతో తలుపు తట్టగలిగిన ప్రభుత్వానికి సామాజిక న్యాయం పేరుతో తట్టడానికి సంకోచమెందుకు? రాయితీ ధరకు భూమి, చౌకగా నీరు, విద్యుత్తు ప్రజల నుంచి పొందే ఔషధ కంపెనీలు ఏ విభాగంలో, ఏ స్థాయిలో ఏ సామాజిక వర్గాలవారు ఎందరున్నారో ఏటా వెల్లడించాలన్న షరతు పెట్టడానికి రాజ్యాంగ సవరణ అక్కర్లేదు.

ఔట్‌సోర్సింగ్ నియామకాలకు బహిరంగ ప్రకటన, రోస్టరు, ప్రతిభా జాబితా తప్పనిసరి చేయాలి. అవి పాటించి ఇచ్చిన ఉద్యోగానికే ఇకముందు వెయిటేజీ వర్తించాలి. దుకాణంలో ఫార్మసిస్టు స్వయంగా ఉన్నాడో లేడో తనిఖీ చేయడమంటే రోగి భద్రతతో పాటు వేలాది జీతపు ఉద్యోగాలను చట్టం చేతికి తిరిగి అప్పగించడం కూడా. జన ఔషధి కేంద్రాలకు ఎస్సీ, ఎస్టీ దరఖాస్తుదారులకున్న 2 లక్షల రూపాయల ప్రత్యేక ప్రోత్సాహకం ఫర్నిచరుకే చాలదు. బజారులో గది, మొదటి సరుకుకు అరువు కూడా దానికి తోడైతేనే దుకాణం నిలుస్తుంది.

కులం శ్రమను మాత్రమే విభజించదని, శ్రామికులనే మెట్లుమెట్లుగా విడదీస్తుందని అంబేడ్కర్ 1936లో వివరించారు. ఫార్మసీ రంగంలో ఆ మెట్లు నేటికీ లెక్కపెట్టవచ్చు. ఫార్మసీ విద్యార్థి సంఘాలు ఈ లెక్క ఇప్పటి నుంచే తీయాలి. తమ కళాశాల నుంచి గత పదేళ్లలో బయటికి వెళ్లినవారిలో ఎవరు ఏ ఉద్యోగంలో ఉన్నారు, ఎవరి సర్టిఫికెట్ ఏ గోడ మీద ఉంది అని అడిగి రాసుకుంటే చాలు. ప్రభుత్వం ఇవ్వని లెక్కకు అదే తొలి పుట అవుతుంది.