ఉమ్మి పరీక్ష – పుట్టుకతో వచ్చే ఎంజైము లోపాలు

ఈ పాఠం చదివిన తరువాత మీరు:
• ఎంజైము అంటే ఏమిటో ఉదాహరణతో చెప్పగలుగుతారు.
• పుట్టుకతో వచ్చే జీవక్రియా లోపాలు తరతరాలకు ఎలా సంక్రమిస్తాయో వివరించగలుగుతారు.
• ఉమ్మి పరీక్ష, రక్త పరీక్ష వేరువేరుగా ఏమి తెలుపుతాయో పోల్చగలుగుతారు.
• మలేరియా మందు వేసుకునేటప్పుడు పాటించవలసిన జాగ్రత్తలు చెప్పగలుగుతారు.

1. ఒక చిన్న ప్రయోగం

కొద్దిగా అన్నం నోట్లో వేసుకోండి. కూర కలపవద్దు. మింగకుండా రెండు నిమిషాలు బాగా నమలండి. ఏమి గమనించారు? చప్పగా ఉన్న అన్నం కొంచెం తియ్యగా మారింది, అవునా? ఇలా ఎందుకు జరిగింది?

మన ఉమ్మిలో, అంటే లాలాజలంలో, అమైలేజ్ అనే పదార్థం ఉంటుంది. అది అన్నంలోని పిండి పదార్థాన్ని చక్కెరగా మారుస్తుంది. ఇలా శరీరంలో ఒక పదార్థాన్ని మరొక పదార్థంగా మార్చే పనిని వేగంగా జరిపించే వాటిని ఎంజైములు అంటారు. మన శరీరంలో వేల రకాల ఎంజైములు ఉన్నాయి. ఒక్కొక్కదానికి ఒక్కొక్క పని ఉంటుంది.

2. పుట్టుకతో వచ్చే జీవక్రియా లోపాలు

ఎంజైము ఎలా తయారు కావాలో తెలిపే సమాచారం జన్యువులలో ఉంటుంది. జన్యువులు మనకు తల్లిదండ్రుల నుండి వస్తాయి. ఒక జన్యువులో మార్పు ఉంటే, దాని ఎంజైము సరిగా తయారు కాదు. అప్పుడు మారవలసిన పదార్థం మారకుండా పేరుకుపోవచ్చు, లేదా కావలసిన పదార్థం తయారు కాకపోవచ్చు. దీనినే పుట్టుకతో వచ్చే జీవక్రియా లోపం అంటారు.

1934లో నార్వేలో ఒక తల్లి తన ఇద్దరు బిడ్డలను డాక్టరు ఫోలింగ్ వద్దకు తీసుకువెళ్లింది. బిడ్డలకు బుద్ధి ఎదగలేదు. వారి నుండి ఒక వింత వాసన వచ్చేది. ఆయన వారి మూత్రాన్ని పరీక్షించి ఫినైల్ కీటోన్యూరియా అనే లోపాన్ని కనుగొన్నాడు. ఈ లోపాన్ని పుట్టిన వెంటనే గుర్తించి తగిన ఆహారం ఇస్తే బిడ్డ మామూలుగా పెరుగుతుంది. ఆలస్యమైతే మెదడుకు జరిగిన నష్టాన్ని సరిచేయలేము. అందుకే 1960ల మొదట్లో అమెరికాలో గత్రీ అనే శాస్త్రజ్ఞుడు పసిబిడ్డ మడమ నుండి రక్తపు చుక్క తీసి, ప్రత్యేకమైన కాగితంపై ఆరబెట్టి పరీక్షించే పద్ధతిని తెచ్చాడు.

హైదరాబాదులోని నాలుగు ప్రభుత్వ ప్రసూతి ఆసుపత్రులలో 18,300 మంది పసిబిడ్డలను ఇలాంటి రక్తపు చుక్కలతో పరీక్షించారు. ఆ ఫలితాలు 2004లో వెలువడ్డాయి. సుమారు వెయ్యి మందిలో ఒకరికి జీవక్రియా లోపం ఉన్నట్లు తేలింది.

3. కిష్టారం ప్రాంతంలో ఇది ఎందుకు ముఖ్యం?

కిష్టారం ఛత్తీస్‌గఢ్‌లోని సుక్మా జిల్లాలో, తెలంగాణ సరిహద్దుకు దగ్గరలో ఉంది. బస్తర్ అడవి ప్రాంతమంతా ఏళ్ల తరబడి మలేరియాతో బాధపడింది. 2020 జనవరిలో ‘మలేరియా ముక్త్ బస్తర్’ కార్యక్రమం మొదలయింది. ఆరోగ్య కార్యకర్తలు ఇంటింటికీ వెళ్లి, జ్వరం లేనివారికి కూడా రక్త పరీక్ష చేసి మందులు ఇచ్చారు.

మలేరియాకు ఇచ్చే మందులలో ప్రైమాక్విన్ ఒకటి. వైవాక్స్ రకం మలేరియా క్రిములు కాలేయంలో దాగి ఉండి, కొన్ని వారాలకో నెలలకో మళ్లీ జ్వరం తెప్పిస్తాయి. వాటిని చంపడానికి ఈ మందును 14 రోజులు ఇస్తారు. ఇది మంచి మందే. కాని జి6పిడి అనే ఎంజైము తక్కువగా ఉన్నవారికి ఇది ప్రమాదకరం కావచ్చు.

జి6పిడి ఎర్ర రక్తకణాలకు కాపలాదారు వంటిది. అది తక్కువైనవారు సాధారణంగా ఆరోగ్యంగానే ఉంటారు. కాని ప్రైమాక్విన్ వంటి మందు వేసుకున్నప్పుడు ఎర్ర కణాలు ఆ ఒత్తిడికి తట్టుకోలేక పగిలిపోతాయి. ఈ సంగతిని 1956లో అమెరికా శాస్త్రజ్ఞులు కనుగొన్నారు. కుష్ఠువ్యాధికి వాడే డాప్సోన్ మందు, బట్టల్లో వేసే కలరా ఉండలు కూడా వీరికి హాని చేయగలవు.

ఇలా ఊహించండి. తునికాకు కోతకు వెళ్లివచ్చిన ఒక యువకుడికి జ్వరం వచ్చింది. పరీక్షలో మలేరియా అని తేలింది. మందు మొదలుపెట్టిన మూడో రోజున మూత్రం టీ డికాక్షను రంగులోకి మారింది. కళ్లు పచ్చబడ్డాయి. నాలుగు అడుగులు వేస్తే ఆయాసం వస్తోంది. ఇంట్లోవారు జ్వరమే ముదిరిందనుకొని మిగిలిన మాత్రలు కూడా వేశారు. ఇక్కడే ప్రాణాపాయం ఉంది. మందు ఆపి వెంటనే ఆసుపత్రికి తీసుకువెళితే చాలామంది కోలుకుంటారు.

ఈ లోపం మలేరియా ఎక్కువగా ఉన్న ప్రాంతాలలోనే ఎక్కువగా కనిపిస్తుంది. ఎందుకంటే అది మలేరియా నుండి కొంత రక్షణ ఇస్తుంది. ప్రపంచంలో 40 కోట్లకు పైగా ప్రజలకు ఈ లోపం ఉందని అంచనా. 1995లో శాస్త్రజ్ఞులు భారతదేశపు గిరిజనులలో ఎక్కువగా కనిపించే మార్పును గుర్తించి, దానికి ‘జి6పిడి ఒరిస్సా’ అని పేరు పెట్టారు. సుక్మా జిల్లాకు ఒడిశా పక్కనే ఉన్నది గదా!

4. ఈ లోపం ఎలా సంక్రమిస్తుంది?

జి6పిడి జన్యువు ఎక్స్ క్రోమోజోముపై ఉంటుంది. పురుషునికి ఒకే ఎక్స్, స్త్రీకి రెండు ఎక్స్‌లు ఉంటాయి. కాబట్టి పురుషుని ఒక్క ఎక్స్‌లో మార్పు ఉన్నా లోపం బయటపడుతుంది. స్త్రీకి ఒకదానిలో మార్పు ఉన్నా రెండవది పని చేస్తుంది. ఆమెను వాహకురాలు అంటారు. ఆమెకు పుట్టే ప్రతి కొడుకుకూ లోపం వచ్చే అవకాశం సగం.

అందుకే ఒక అబ్బాయికి ఈ లోపం ఉంటే, అతని మేనమామకు కూడా ఉండే అవకాశం ఉంది. ఇప్పుడు మేనమామ, మేనకోడలు పెళ్లి గురించి ఆలోచించండి. మేనమామకు లోపం ఉండి, మేనకోడలు వాహకురాలైతే, వారి కుమార్తెకు రెండు ఎక్స్‌లలోనూ మార్పు రావచ్చు. అప్పుడు ఆడపిల్లకు కూడా పూర్తి లోపం ఉంటుంది.

ఇందులో తల్లి తప్పు గాని, దేవతల కోపం గాని లేదు. ఏ జన్యువు ఎవరికి వస్తుందో ఎవరి చేతుల్లోనూ లేదు.

5. ఉమ్మిలో ఏమి చూస్తారు?

ఉమ్మిలో బుగ్గల లోపలి నుండి రాలిన కణాలు, కొన్ని తెల్ల రక్తకణాలు ఉంటాయి. వాటిలో మన జన్యు పదార్థమైన డి.ఎన్.ఎ. ఉంటుంది. దానిని వేరుచేసి, జి6పిడి జన్యువులో మార్పు ఉందో లేదో చూడవచ్చు. అంటే ఈ పరీక్ష ఎంజైమును కొలవదు, జన్యువును చదువుతుంది.

నమూనా ఇచ్చే ముందు అరగంట పాటు ఏమీ తినరాదు, తాగరాదు. పొగాకు, వక్క నమలరాదు. పాలు తాగిన వెంటనే పసిబిడ్డ నోటి నుండి నమూనా తీస్తే, అందులో తల్లి కణాలు కలిసి ఫలితం తప్పుగా రావచ్చు.

జాగ్రత్త: క్షయ పరీక్షకు ఇచ్చేది ఉమ్మి కాదు. గట్టిగా దగ్గి ఊపిరితిత్తుల నుండి తీసే కళ్లె. ఈ రెండింటినీ ఒకటిగా భావించకండి.

6. ఉమ్మి పరీక్ష, రక్త పరీక్ష – పోలిక

ఉమ్మి పరీక్షలో సూది గుచ్చనవసరం లేదు. నిల్వ ద్రవంలో కలిపిన నమూనా మామూలు వేడిలోనే చాలా రోజులు చెడదు. రోడ్డు, కరెంటు సరిగా లేని ఊళ్లకు ఇది అనుకూలం. వాహకురాలైన స్త్రీని గుర్తించడంలో కూడా ఇది మేలైనది.

మరొక లాభం ఉంది. ఎర్ర కణాలు పగిలిన కొత్తలో రక్త పరీక్ష చేస్తే ఎంజైము సరిపడా ఉన్నట్లు కనిపించవచ్చు. ఎందుకంటే ఎంజైము తక్కువున్న ముసలి కణాలు పోయి, ఎంజైము ఎక్కువున్న లేత కణాలు మిగులుతాయి. అందుకే సుమారు మూడు నెలల తరువాత రక్త పరీక్ష మళ్లీ చేస్తారు. జన్యువు మాత్రం మారదు కాబట్టి ఉమ్మి పరీక్షకు ఈ చిక్కు లేదు.

అయితే ఉమ్మి పరీక్షకు పరిమితులు ఉన్నాయి. సాధారణంగా తెలిసిన మార్పులనే వెదుకుతారు. వెదకని మార్పు ఉంటే ‘లోపం లేదు’ అని వస్తుంది. వాహకురాలిలో ఎంజైము ఎంత పని చేస్తోందో ఇది చెప్పలేదు. నమూనా ప్రయోగశాలకు వెళ్లి ఫలితం రావడానికి రోజులు పడుతుంది. జ్వరంతో ఉన్న మనిషికి మందు ఇవ్వాలా వద్దా అన్నది ఈ రోజే తేలాలి. వేలి నుండి తీసిన రక్తపు చుక్కతో ఎంజైమును కొద్ది నిమిషాల్లో కొలవవచ్చు. కాబట్టి మందు విషయంలో రక్త పరీక్షే ఆధారం. పసిబిడ్డల జీవక్రియా లోపాలకు కూడా నేటికీ ప్రధానంగా వాడుతున్నది మడమ రక్తపు చుక్కే.

7. మీరు చేయవలసినవి

• మీ ఇంట్లో ఎవరికైనా మందు వేసుకున్నాక మూత్రం నల్లబడి ఉంటే, ఆ సంగతి ఆరోగ్య కార్యకర్తకు ముందే చెప్పండి.
• గర్భిణులకు, ఏడాది నిండని పిల్లలకు ప్రైమాక్విన్ ఇవ్వరాదు.
• మూత్రం నల్లబడినా, కళ్లు పచ్చబడినా మందు ఆపి వెంటనే ఆసుపత్రికి వెళ్లండి.
• భయపడి మలేరియా మందులన్నీ మానవద్దు. మలేరియా కూడా ప్రాణాలు తీస్తుంది.
• లోపం ఉన్నట్లు తేలితే కాగితం మీద రాయించుకొని, ఏ ఆసుపత్రికి వెళ్లినా చూపండి.

మీ ప్రగతిని తెలుసుకోండి

1. అన్నం నమిలితే తియ్యగా మారడానికి కారణమైన ఎంజైము ఏది?
2. జి6పిడి లోపం పురుషులలో ఎక్కువగా బయటపడుతుంది. ఎందుకు?
3. ఒక వ్యక్తి ఉమ్మి పరీక్షలో ‘లోపం లేదు’ అని వచ్చింది. అతనికి లోపం లేదని నూరు పాళ్లూ నమ్మవచ్చా?

జవాబులు

1. అమైలేజ్.
2. పురుషునికి ఒకే ఎక్స్ క్రోమోజోము ఉంటుంది. మార్పును కప్పిపుచ్చడానికి రెండవది ఉండదు.
3. నమ్మరాదు. వెదకని మార్పు ఉండవచ్చు. మందు వేసుకునే ముందు రక్తంలో ఎంజైమును కొలిపించుకోవాలి.