పొయ్యిపొగ

గాలి చెడినదన్నంతనే మోటారుబండ్లును, యంత్రశాలల పొగగొట్టములును మనకు స్ఫురించును. పేదయింటి పొయ్యికడ గాలి తఱచుగా నంతకన్న చెడ్డదని యెందఱు తలంతురు?

మా వీథిచివరి పాకలో నొక యిల్లాలు గలదు. ఆమెకు గ్యాసుపొయ్యి యున్నది. కాని దానిపై నెప్పుడును గుడ్డ కప్పియుండును. కారణ మడిగితిని. "ఊరకే వచ్చే బండలు ఏడాదికి మూడే గదమ్మగారూ. తక్కినవి కొనాలంటే ఒక్కసారిగా అంత డబ్బేదీ? అందుకే చుట్టాలొచ్చినప్పుడే వెలిగిస్తాను" అనెను. పుల్లలపొయ్యి ముందు ఆమె యొడిలో పసిబిడ్డ దగ్గుచుండెను.

పుల్లలు, పిడకలు కాలునపుడు కంటికగపడని సన్నని నలుసులు పుట్టును. అవి యూపిరితిత్తుల లోతునకు చొచ్చి పిల్లలకు న్యుమోనియాను, పెద్దలకు ఆయాసమును, గుండెజబ్బును దెచ్చును. ఇంటిపొగవలన 2020లో లోకమున సుమారు 32 లక్షలమంది మరణించిరని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క.

ప్రభుత్వము లూరకుండలేదు. ఆంధ్రప్రదేశమున 1999లో దీపము పథకమును, దేశమంతట 2016లో ఉజ్జ్వల పథకమును పేదస్త్రీలకు గ్యాసును జేర్చినవి. ఏటికి మూడు ఉచిత సిలిండర్ల నిచ్చుట ఆంధ్రప్రదేశమున 2024లో మొదలయ్యెను. అయినను పొయ్యి యిచ్చుట వేఱు, అది నిత్యము వెలుగుట వేఱు.

అందాక ఎండిన పుల్లలనే వాడుడు; పొయ్యిపైన పొగపోవు దారి యుంచుడు; గిన్నెపై మూత పెట్టుడు; బిడ్డను దూరముగ నుంచుడు. ఇవి పొగను తగ్గించునే గాని పోగొట్టవు. కావున ఇంటి పురుషులు బియ్యమువలెనే గ్యాసునకును నెలనెల కొంత సొమ్ము తీసి యుంచవలెను. చుట్టములకై వెలుగు పొయ్యి ఆ యిల్లాలికొఱకును వెలుగవలదా?