పెద్దమెకమునకు తగిన గుండు



ఖమ్మము సీమనుండి భద్రాచలము దాక గోదావరి యడవుల యంచున నున్న పల్లెలలో రచ్చబండమీద తరచుగ వినవచ్చు వాద మొకటి కలదు. “అడవిదున్నను పడవేయుటకు ఎంత కొలత గుండు కావలెను? పెద్దపులికి పన్నెండుబోరు తుపాకి చాలదా?” అని యొకరడుగుదురు. గుండెంత లావైన నంత మేలని యొకరు, గురి కుదిరిన చిన్నగుండే చాలునని మరియొకరు పట్టుపట్టుదురు. నేను తుపాకి పట్టినవాడను కాను. బడిపిల్లలకు లెక్కలును, పురాణములును చెప్పి ముసలినైన పంతులను. అయినను ఈ వాదము లెక్కకు లొంగునదే, ధర్మశాస్త్రమునకును లొంగునదే. కావున దీనిని మొదలునుండి విచారింతము.

నేడు వేట చట్టముచే నిషిద్ధము. మరి యీ విచారమెందుకని మీరడుగవచ్చును. పొలము కాపునకని లైసెన్సు పొందిన తుపాకులు మన యూళ్లలో నేటికిని కలవు. మందు కూరెడి నాటుతుపాకులు దొంగచాటుగ నున్నవి. తుపాకి యేమి చేయగలదో, ఏమి చేయజాలదో యెరుగనివాని చేతిలో నది మెకమునకన్న మనుష్యునికే యెక్కువ యపాయము. తెలిసిన పెద్దలు పదుగురున్న యూరిలో ఆ యపాయము తగ్గును.

ముందుగా మన సీమ సంగతి. భద్రాచలము తాలూకా 1860లో నిజాము చేతినుండి ఆంగ్లేయులకు దక్కి, 1874లో చెన్నపట్టణపు రాజధానిలో చేరినది. నాటినుండి గోదావరికి ఈవలి యొడ్డున పాల్వంచ యడవులు నిజాము రాజ్యమునందును, ఆవలి యొడ్డున భద్రాద్రి యడవులు ఇంగ్లీషువారి యేలుబడియందును ఉండెను. 1959లో గాని భద్రాచలము ఖమ్మము జిల్లాలో కలియలేదు. ఒడ్డులు రెండైనను మెకము లొక్కటే: పెద్దపులి, చిరుతపులి, ఎలుగుబంటి, అడవిదున్న, కణితి, దుప్పి, అడవిపంది. కోయలు, కొండరెడ్లు విల్లమ్ములతో వేటాడిరి. దొరలు, జాగీరుదారులు మంచెలెక్కి రైఫిళ్లతో వేటాడిరి. 1911లో పరమపదించిన ఆరవ నిజాము మహబూబు ఆలీఖాను పులివేటలో పేరు మోసినవాడు. అట్టివారి కాలమున సీమనుండి వచ్చిన రైఫిళ్ల పేర్లే మన ముసలివారి నోట నేటికిని వినబడుచున్నవి.

ఇక కొలత యననేమి? రైఫిలు గొట్టము లోపలి వ్యాసమును అంగుళములో వేయింట నిన్ని పాళ్లని చెప్పుట ఆంగ్లేయుల పద్ధతి. .375 అనగా అంగుళమును వేయి పాళ్లు చేసి యందు 375 పాళ్లు, మిల్లీమీటర్లలో తొమ్మిదిన్నర. .315 అనగా ఎనిమిది మిల్లీమీటర్లు. .470 అనగా దాదాపు పండ్రెండు. అయితే పేరును పట్టుకొని కొలతను నమ్మరాదు. .470 అను రైఫిలులో పోవు గుండు నిజముగ .475 అంగుళముండును. .275 అనుదాని గుండు .284 ఉండును. పేరు వర్తకుడు పెట్టునది. కొలత గొట్టము చెప్పునది. ఒక పేరు తూటాను మరియొక పేరు తుపాకిలో దూర్చినవారు చేతులు పోగొట్టుకొనుట కలదు. తుపాకిపై చెక్కిన పేరును, తూటా యడుగున నున్న పేరును అక్షరాక్షరము సరిపోవలెను.

పన్నెండుబోరు లెక్క వేరు. ఆ గొట్టములో సరిగా పట్టు సీసపు గుండ్లు పన్నెండు కలిసి ఒక పౌను తూగును. అందుచే నా పేరు. ఇరువదిబోరునకు ఇరువది గుండ్లు పౌను తూగును. కావున ఇచట సంఖ్య పెరిగినకొలది గొట్టము సన్నగిల్లును. పన్నెండుబోరు గొట్టము .729 అంగుళము, అనగా పదునెనిమిదిన్నర మిల్లీమీటర్లు. చూచుటకు అన్ని రైఫిళ్లకన్న లావు. అయినను అది నున్నని గొట్టము. చిన్న రవ్వలను చెదరజల్లుటకై పుట్టినది. పక్షికి, కుందేలునకు తగినది. ఆ రవ్వలు పెద్దమెకము చర్మముక్రింద నిలిచిపోవును గాని ప్రాణస్థానమును చేరవు. గొట్టము లావు బలమునకు గురుతు కాదనుట కిది మొదటి సాక్ష్యము.

రైఫిలు గొట్టములో మెలితిరిగిన చాళ్లుండును. ఆ చాళ్ల వలన గుండు బొంగరమువలె తిరుగుచు పోవును. తిరుగు బొంగరము నిలుచును, తిరుగని బొంగరము పడును గదా! అట్లే తిరుగు గుండు మొన ముందుంచుకొని చక్కగ సాగును.

ఆ గుండు బలమెంత? దానికి రెండు మూలములు: బరువు, వేగము. గుండు బరువును గ్రెయినులలో చెప్పుదురు. మన పాత తులము 180 గ్రెయినులు. .470 గుండు 500 గ్రెయినులు, అనగా దాదాపు రెండుముప్పావు తులములు. వేగము సెకనునకు 2,150 అడుగులు. .375 హాలెండు గుండు 300 గ్రెయినులు. వేగము 2,500 అడుగులు. .275 గుండు 140 గ్రెయినులు, ముప్పావు తులమునకు కొంచెము హెచ్చు. వేగము 2,750 అడుగులు. ధ్వని సెకనునకు సుమారు 1,100 అడుగులే పోవును గనుక, మెకము తుపాకి మ్రోత వినకముందే గుండు తగులును. బరువు రెట్టింపైన బలము రెట్టింపగును. వేగము రెట్టింపైన బలము నాలుగింతలగును. ఈ సూత్రముచే లెక్కించిన .470 గుండునకు 5,100, .375 గుండునకు 4,100, .275 గుండునకు 2,300 అడుగుపౌనుల బలము వచ్చును. ఒక పౌను బరువును ఒక అడుగు పైకెత్తు పనికి అడుగుపౌనని పేరు.

అయితే బలమొక్కటే చాలదు; గుండు లోతునకు పోవలెను. రోకలిపోటు బలమైనదే, కాని దబ్బనము దిగినంత లోతునకు రోకలి దిగదు. ఒకే లావుగల రెండు గుండ్లలో పొడవును బరువును హెచ్చుగా గలది లోతునకు పోవును. గుండు చేతయందును భేదము కలదు. మొన సీసము తెరచియుంచిన గుండు మాంసమున తగులగనే పుట్టగొడుగువలె విచ్చుకొనును. గాయము వెడల్పగును, లోతు తగ్గును. అంతయు గట్టిలోహపు కవచము తొడిగిన గుండు విచ్చుకొనక, ఎముకను పగులగొట్టుకొని లోపలికి పోవును. సుమారు 200 కిలోల తూగు పెద్దపులికి చర్మము పలుచన, ఎముక తేలిక. దానికి విచ్చుకొను గుండు తగును. అడవిదున్న పోతు 600 మొదలు 1,000 కిలోల వరకు తూగును. దానికి లోతునకు పోవు బరువుగుండే కావలెను. ఇంకొక సంగతి. అడవిదున్న వీపుమీది మూపు ఎముకల ముండ్లపై లేచిన కండ మాత్రమే. గుండెకాయ రొమ్మున చాల క్రిందుగ నుండును. ఎత్తైన యాకారమును చూచి నడుమ గురిపెట్టినవాడు కండను గాయపరచును గాని ప్రాణమును తీయడు.

ఈ కొలతల యెంపికలో వేటగాని యిష్టముతోపాటు సర్కారు భయమును పాలుపంచుకొన్నది. మార్టినీ హెన్రీ యను సిపాయి తుపాకి గుండు .450 కొలతది. ఆ తుపాకులు తిరుగుబాటుదారుల చేతబడినచో వేటతూటాల గుండ్లు వారికి పనికివచ్చునని తలచి, 1907లో ఆంగ్ల ప్రభుత్వము .450 రైఫిళ్లను, తూటాలను హిందూదేశమునకు దిగుమతి కానీయలేదు. అందుచే సీమలోని తుపాకిపనివారు .465, .470, .475 అను క్రొత్త కొలతలను కల్పించిరి. అందు .470 మిక్కిలి వ్యాపించినది. సిపాయిల .303 కూడ ప్రజలకు నిషిద్ధమగుటచే మన దేశపు ఆయుధశాలలో .315 వేటరైఫిలు తయారై, లైసెన్సుదారులకు అదియే సాధారణమైనది. ప్రభుత్వపు భయము వట్టిది కాదని మన మన్యమే చూపినది. 1922 ఆగస్టు 22న అల్లూరి సీతారామరాజు చింతపల్లి ఠాణాపై దాడిచేసి తుపాకులను, మందుగుండును కొనిపోయెను. మరుసటి రెండు దినములలో కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి ఠాణాలకును అదే గతి పట్టెను.

ఇక చిన్నగుండు వారి వాదము వినుడు. ఆఫ్రికాలో బెల్లు అను వేటగాడు వేయికి పైగా ఏనుగులను చంపెను; అందు హెచ్చుపాలు .275 తోనే. గఢ్వాలు కొండలలో జిమ్ కార్బెట్టు 1926లో రుద్రప్రయాగ చిరుతను .275 రైఫిలుతోనే కొట్టెను. కాబట్టి చిన్నగుండు చాలునందురు. కాని బెల్లు ఏనుగు శరీరనిర్మాణమును క్షుణ్ణముగ నెరిగి, తల లోపలి మెదడు స్థానమునకు గురి తప్పక కొట్టగలిగినవాడు. ఆ విద్య వానిది; దానిని తుపాకికి అంటగట్టరాదు. దక్షిణదేశపు అడవులలో తిరిగిన కెన్నెత్ ఆండర్సను .405 వించెస్టరు రైఫిలును మెచ్చెను. దాని గుండు 300 గ్రెయినులు. వేగము 2,200 అడుగులు.

పెద్దగుండు వారికిని ఒక మాట. గుండు ముందునకెంత యూపుతో పోవునో తుపాకియు నంత యూపుతో వెనుకకు భుజమును తన్నును. అందుకే .470 రైఫిలును పది పదునొకండు పౌనుల బరువుతో చేయుదురు. ఆ తన్నునకు జడిసి కన్ను మూసికొని మీట నొక్కువాని చేతిలో .470 కన్న, నెమ్మదిగ నొక్కువాని చేతిలో .375 మేలు.

మరి మన యడవులకేది తగినదై యుండెను? వెదురు పొదలు, టేకు చెట్లు దట్టముగ నున్న చోట మెకము కనబడునది ముప్పది నలువది గజములలోనే. అంత దగ్గర దూరపుగురి యవసరము లేదు. మొదటి దెబ్బకు పడవేయు బరువు, తప్పిన వెంటనే రెండవ దెబ్బ, ఈ రెండే యవసరము. అందుచే అడవిదున్నకు .470 వంటి జంటగొట్టపు రైఫిలును, పులి మొదలు అడవిదున్న దాక అన్నిటికి కలిపి ఒక్కటే కావలెనన్న 1912లో పుట్టిన .375 హాలెండును యోగ్యములని నా నిర్ణయము. .315 దుప్పికి, అడవిపందికి చాలును, అడవిదున్నకు చాలదు. పన్నెండుబోరు రవ్వలును, నాటుతుపాకి ఇనుపముక్కలును పెద్దమెకములలో దేనికిని తగవు.

ఎందుకింత పట్టింపు? గాయపడి పోయిన మెకము పోయినట్లు కాదు. 1907లో కార్బెట్టు చంపిన చంపావత్ ఆడుపులి 436 మందిని పొట్టబెట్టుకొన్నదని లెక్క. చచ్చిన పిమ్మట చూడగా దాని కుడివైపు కోరలు రెండును విరిగియుండెను. పాత తుపాకిదెబ్బయే కారణమని కార్బెట్టు తేల్చెను. ఎవడో యొకడు తగని దెబ్బ కొట్టి యింటికి పోయెను; ఆ ఋణమును నూర్లకొలది యాడువారు, కట్టెలు కొట్టువారు తీర్చిరి. కాబట్టి కొలత విచారము వేటగాని దర్పమునకు సంబంధించినది కాదు. ఇరుగుపొరుగు ప్రాణములకు సంబంధించినది.

మన పెద్దలీ సంగతి నెరుగుదురు. కామమువలన పుట్టు పది వ్యసనములలో మనువు వేటను మొదట నెన్నెను. దశరథుడు శబ్దవేధి, నీటిచప్పుడు విని యేనుగనుకొని మునికుమారుని కొట్టెను. విద్యలో లోపము లేదు, బాణములో లోపము లేదు. లక్ష్యమును కంటితో చూడకుండుటయే లోపము. రాత్రివేళ చేనిలో కదలిన దానిని పందియనుకొని కాల్చువాడును ఆ దోషమునే చేయుచున్నాడు. పొదలో నున్నది పొరుగింటి పాలేరు కావచ్చును.

నేటి ధర్మమేమి? 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము, 1991 సవరణ, వేటను పూర్తిగ నిలిపినవి. పులియు, అడవిదున్నయు మొదటి షెడ్యూలులోనివి. వానిని చంపినవానికి మూడేండ్లకు తక్కువ కాక యేడేండ్ల దాక కారాగారము. పాల్వంచ చెంత కిన్నెరసాని యడవి 1977లో అభయారణ్యమైనది. పులి నరభక్షకమై, పట్టుటకుగాని మత్తుసూదితో నిద్రపుచ్చుటకుగాని వీలులేనపుడు మాత్రమే ముఖ్య వన్యప్రాణి సంరక్షణాధికారి వ్రాతపూర్వకముగ కాల్చుట కుత్తరువీయవచ్చును. పంది పైరును పాడుచేసినపుడును చట్టప్రకారము ఉత్తరువు పొందవలసినదే. ఆ యుత్తరువు వచ్చినపుడు తగిన రైఫిలు, తగిన గుండు, తగిన చేయి మూడును కూడవలెను.

ఉత్తరువునకు ఆలస్యమగునని పొలముచుట్టు కరెంటుతీగ లాగువారు కలరు. నాటుబాంబులు పెట్టువారు కలరు. తుపాకికైన గురి కలదు. తీగకు గురి లేదు. పందికని పెట్టిన తీగ పులిని చంపును, ఎద్దును చంపును, తెల్లవారుజామున నీరు పెట్టబోయిన కన్నకొడుకును చంపును. పెద్దలారా, ఇట్టి తీగను చూచి యూరకుండకుడు. నాటుతుపాకి గలవానిని పిలిచి మందలింపుడు. పైరు నష్టమైన దినముననే అటవీశాఖవారికి అర్జీ వ్రాయించి పరిహారము కోరుడు. ఇక రచ్చబండమీద గుండు కొలత వాదము వచ్చినపుడు, మీట నొక్కుటకు ముందు లక్ష్యమును కంటితో చూచితివా, గుండు ప్రాణమును ఒక్క దెబ్బతో తీయగలదా, కాల్చుటకు నీకధికారము కలదా యను మూడు ప్రశ్నలను ముందడుగుడు. మూడింటికిని ఔనని చెప్పలేనివాడు ఏ కొలత తుపాకికిని తగడు.