పలకని మనిషి వింటున్నాడా?

2005లో ఇంగ్లండులో 23 ఏళ్ళ యువతి ఒకామె రోడ్డు ప్రమాదంలో తలకు పెద్ద దెబ్బ తగిలి స్పృహ కోల్పోయింది. కొన్నాళ్ళకు కళ్ళు తెరవసాగింది. నిద్రపోయేది, లేచేది. కాని పిలిస్తే పలకదు, చెయ్యెత్తమంటే ఎత్తదు. ఇలా ఐదు నెలలు గడిచాయి. అప్పుడు ఏడ్రియన్ ఓవెన్ అనే శాస్త్రజ్ఞుడు, ఆయన సహచరులు ఆమెను ఎం.ఆర్.ఐ. యంత్రంలో పడుకోబెట్టి, "టెన్నిస్ ఆడుతున్నట్టు ఊహించుకో" అన్నారు. ఆమె మెదడులో కదలికలకు పథకం వేసే భాగం చురుకుగా పనిచేయసాగింది! "మీ ఇంట్లో గదిగదీ తిరుగుతున్నట్టు ఊహించుకో" అంటే ఈసారి వేరే భాగాలు పనిచేశాయి. ఆరోగ్యవంతులకు ఇదే పరీక్ష పెట్టినా అచ్చంగా ఇలాగే జరుగుతుంది. అంటే వేలు కూడా కదపలేని ఆ అమ్మాయి వింటున్నది, చెప్పినట్టు చేస్తున్నది!

(యంత్రం ఆమె ఆలోచనలను చదివేసిందనుకునేరు. మెదడులో ఏ భాగం ఎక్కువగా పనిచేస్తే అక్కడికి రక్తం ఎక్కువగా వస్తుంది. యంత్రానికి తెలిసేది అంతే.)

కళ్ళు తెరిచి ఉండడం వేరు, స్పృహ వేరు. మెదడు అడుగున, వెన్నుపాముకు పైన, బొటనవేలంత కాండం ఒకటి ఉంది. మనల్ని మేలుకొలిపేది అదే. 1949లో మొరూజి, మగూన్ అనే ఇద్దరు మత్తులో ఉన్న పిల్లుల మెదడు కాండాన్ని విద్యుత్తుతో ప్రేరేపిస్తే, మెదడు తరంగాలు మేలుకున్నప్పటి తరంగాల్లా మారిపోయాయి. ఈ కాండం బాగుంటే కళ్ళు తెరుచుకుంటాయి, ఊపిరి ఆడుతుంది. కాని విన్నది మనకు తెలియాలంటే మెదడు నడుమనున్న థాలమస్, పైనున్న ముడతల పొర ఒకదానితో ఒకటి మాట్లాడుకోవాలి. ఆ మాటలను మోసేవి నాడీకణాల పొడవైన తంతువులు.

తల దేనికైనా గుద్దుకుంటే పుర్రె ఆగిపోయినా లోపలి మెత్తటి మెదడు వెంటనే ఆగదు, కదిలి మెలితిరుగుతుంది. అప్పుడు తంతువులు సాగి తెగుతాయి. తుపానుకు కరెంటు తీగలు తెగిన ఊరు చూశారా? ఇళ్ళు నిలిచే ఉంటాయి, దీపాలు మాత్రం వెలగవు.

తీగలు ఎంతవరకు బాగున్నాయో తెలుసుకోవడానికి తమాషా అయిన పరీక్ష ఒకటి ఉంది. పుర్రె బయటినుంచే అయస్కాంతంతో మెదడును ఒకచోట చిన్నగా తడతారు. మేలుకున్న మనిషిలో ఆ కుదుపు, చెరువులో రాయి వేస్తే లేచిన అలలా, దూరదూర భాగాలకు పాకుతుంది. గాఢనిద్రలో తట్టినచోటే ఆరిపోతుంది. ఇటలీ, బెల్జియం శాస్త్రజ్ఞులు స్పృహలేని కొద్దిమంది రోగులను ఇలా పదేపదే పరీక్షించి 2012లో ఫలితాలు ప్రకటించారు. స్పృహ తిరిగి వచ్చినవారిలో అల మళ్ళీ పాకసాగింది. అదీ వారు ఎదుటివారితో సరిగా సంభాషించగలగడానికి ముందే!

మరి తెగిన తీగ బాగుపడుతుందా? చచ్చిన నాడీకణం తిరిగి బతకదు. బతికి ఉన్నవి మాత్రం కొత్త కొమ్మలు వేయగలవు. అమెరికాలో 1984లో కారు ప్రమాదంలో దెబ్బతిన్న యువకుడు ఒకడు 19 ఏళ్ళ తరవాత, 2003లో, "అమ్మా" అన్నాడు. అతని లెక్కలో అది ఇంకా 1984వ సంవత్సరమే! తరవాత అతని మెదడును పరిశీలించినవారికి కొత్త తంతువులు పెరిగిన ఆనవాళ్ళు కనిపించాయి. ఇలాంటివి బహు అరుదు. అతనూ మళ్ళీ లేచి నడవలేకపోయాడు.

2024లో ఇంకొక పరిశోధన వెలువడింది. పలకని 241 మంది రోగులను ఎం.ఆర్.ఐ.తోనో, మెదడు తరంగాల పరీక్షతోనో పరిశీలిస్తే, 60 మంది మెదళ్ళు చెప్పినట్టు చేశాయి. నలుగురిలో ఒకరు! అయితే పరీక్షలో ఏమీ కనపడనంత మాత్రాన స్పృహ లేదని తీర్పు చెప్పడానికి వీలులేదు. డాక్టరు చెప్పిన పనిని మంచం మీద చేసి చూపగలిగిన 112 మందికి అదే పరీక్ష పెడితే, నెగ్గినవారు 43 మందే.