విక్రయమా, అనుమతియా?

కంప్యూటరు ఆటల అంగళ్ల నిర్బంధమును గూర్చి ఆటగాండ్ర యభిప్రాయములు

వంశధారానదీతీరమున శ్రీముఖలింగక్షేత్రమునందు మధుకేశ్వరస్వామిని దర్శించినవా రచటి శిలలపై జెక్కిన శాసనములను జూచియే యుందురు. ఆ క్షేత్రమునకు సమీపమున బర్వతాలపేటలో 1863లో జన్మించిన గిడుగు రామమూర్తి పంతులుగారు ఈ శాసనములను శ్రమించి చదివి, తూర్పు గాంగుల రాజధానియైన కళింగనగర మిదియేయని వాదించిరి. ఆ శాసనములలో నఖండదీపదానములు మెండు. దాత యెవరు, ఇచ్చిన ధనమెంత, అది దేనికై యిచ్చినది, యెంతకాలము చెల్లవలసినది, యన్నియు రాతిపై నుండును. ఇచ్చినవాడు మరల దీసికొనుటకు వీలులేదు. పుచ్చుకొనినవాడు మాట మార్చుటకు వీలులేదు.

ఇటీవల నొకనాటి సాయంకాలము ఆ యాలయప్రాకారమునకు వెలుపల జెట్టునీడను గూర్చుండిన కొందఱు యువకుల సంభాషణము మా చెవిని బడినది. వారు చుట్టుపట్ల గ్రామముల రైతుకుటుంబములవారు. శ్రీకాకుళములోను విశాఖపట్టణములోను జదువుకొనుచు సెలవులకు వచ్చినవారు. వారి తర్కమునకు విషయము కంప్యూటరుపై నాడెడి యాటలు. అందొకని తండ్రి, వరిపొలములుగల గృహస్థు, కొంతసేపు మౌనముగ విని యిట్లడిగెను: “ఒరే బాబూ, రెండువేల రూపాయలిచ్చి ఆట కొన్నానంటివి. వస్తువు ఇంటిలో లేదు. మఱొకరికి అమ్ముదమన్న నమ్మరాదంటివి. కొన్నదైతే కాగితమేది?” కుమారుడు నవ్వెను గాని సమాధానము చెప్పలేకపోయెను. ఆ ప్రశ్నయే యీ వ్యాసమునకు బీజము.

పెద్దలు కొందఱు ఆటయనగానే పందెమును దలంతురు. ధనమొడ్డి యాడెడి ఆన్‌లైను ఆటలను నిషేధించుచు 2025 ఆగస్టులో బార్లమెంటు చట్టము చేసినది. ఆ విషయ మిట బ్రసక్తము కాదు. ఇచట జెప్పబోవునవి రచ్చబండమీది పులిమేకవలె బుద్ధికి బదును పెట్టునవియు, నాటకమువలె గథను నడపునవియునగు నాటలు. వీనిని జనులు మూల్యమిచ్చి కొనుచున్నారు. కొనుచున్నారో లేదో యనునదియే వివాదము.

నిర్బంధ మెట్లు వచ్చినది

ఇరువదియైదేండ్ల క్రిందట కంప్యూటరు ఆటయనగా నొక డిస్కు. పెట్టెతో గొని, యింటికి దెచ్చి, యంత్రమునం దుంచిన నాట సిద్ధము. మిత్రున కెరువీయవచ్చును, విసుగుపుట్టిన నమ్మవచ్చును. 2003 సెప్టెంబరులో అమెరికాలోని వాల్వు సంస్థవారు ‘స్టీము’ అను పంపిణీవేదికను బ్రారంభించిరి. మొదట నది తమ యాటలకు సవరణల నందించుటకు దోడ్పడిన సాధనము. 2004 నవంబరులో ‘హాఫ్ లైఫ్ 2’ అను ప్రసిద్ధమైన యాట వెలువడినపుడు, డిస్కు కొనినవారుగూడ ఇంటర్నెట్టుద్వారా స్టీములో ఖాతా తెఱచి యాటను నమోదు చేసికొనిననేగాని యాడుటకు వీలులేకపోయెను. నిర్బంధమునకు నాంది యదియే. ఆనాడు మన జిల్లాలలో ఇంటర్నెట్టనగా టెలిఫోను తీగెపై నత్తనడక.

ఒకరు వేసిన బాటను దక్కినవారును ద్రొక్కిరి. 2011లో ‘బ్యాటిల్‌ఫీల్డు 3’ అను ఆటకై ఎలక్ట్రానిక్ ఆర్ట్సు సంస్థవారు తమ ‘ఆరిజిన్’ వేదికను దప్పనిసరి చేసిరి. ఫ్రాన్సుదేశపు యూబిసాఫ్టు సంస్థవారు ‘యూప్లే’ యనుదానిని నెలకొల్పిరి. నేడు స్టీములో గొనిన యాటనే తెఱవబోయిన, నందుండి మఱియొక సంస్థ వాకిలి తెఱచుకొని రెండవ ఖాతా యడుగుట కలదు. “గుడికి బోయిన బ్రతి మండపమున జీటీ చింపించుకొనవలసి వచ్చినట్లున్నది” అని యొక యువకుడు చమత్కరించెను. క్రొత్త కంప్యూటరులలో డిస్కు నుంచుటకు దావే యరుదైనది.

ఉపకారమును మఱువరాదు

ఈ వేదికలవలన మేలులేదనుట యన్యాయము. ఆ గుంపులో నధికసంఖ్యాకులు స్టీము పక్షమువారే. ఒకప్పుడు మన పట్టణముల ఇంటర్నెట్టు కేంద్రములలో నాడిన యాటలలో బెక్కు దొంగప్రతులు. న్యాయముగ గొనవలెనన్నను జిన్న యూళ్లలో నమ్మువా డుండెడివాడు కాడు. చౌర్యమునకు మూలము ధరకంటె సేవాలోపమేయని వాల్వు అధిపతి గేబ్ న్యూవెల్ 2011లో వాదించెను. మనదేశపు టనుభవము దాని నించుమించు సమర్థించుచున్నది. 2015లో స్టీము రూపాయలలో ధరలను జూపనారంభించెను. పండుగ తగ్గింపులలో సగము ధరకును, బాతికధరకును ఆటలు లభించుచున్నవి. ఆ యేడు జూనునుండి, కొనిన పదునాలుగు దినములలోపల, రెండుగంటలకు మించి యాడనిచో సొమ్ము వాపసు నిచ్చుచున్నారు. కంప్యూటరు చెడిపోయినను ఖాతాలోని యాటలు చెడవు. డిస్కు గీతపడిన మాత్ర మంతటితో సరి.

ఆటలు నిర్మించువారికిని లాభము కలదు. హైదరాబాదులోని ఓగర్‌హెడ్ స్టూడియోవారి ‘అసుర’ 2017లోను, పూనా నగరపు నోడింగ్ హెడ్స్ వారి ‘రాజీ’ 2020లోను ఇట్టి వేదికలద్వారానే దేశదేశముల కేగినవి. డిస్కులు ముద్రించి, పెట్టెలు కట్టి, యోడల కెక్కించుట చిన్న సంస్థలకు సాధ్యమా? ఈ సేవకు స్టీము సామాన్యముగ నూటికి ముప్పది పుచ్చుకొనుచున్నది. 2018 చివర నెక్కువ యమ్ముడుపోవు నాటలకు నా వాటాను దగ్గించిరి. అదే డిసెంబరులో ఎపిక్ సంస్థవారు నూటికి బండ్రెండుకే తమ యంగడిని దెఱచిరి. పోటీవలన మేలు గలుగునని యిందువలన దేటపడుచున్నది.

అభ్యంతరములు

మఱి యసంతృప్తి దేనికి? మొదటిది, మన పల్లెల స్థితి. 2018 అక్టోబరు 11వ తేదీన దిత్లీ తుపాను పలాసకు సమీపమున దీరము దాటినపుడు ఉద్దానపు గొబ్బరితోటలు, జీడితోటలు నేలగూలినవి. పెక్కు గ్రామములకు దినములకొలది విద్యుత్తు లేదు. ఆ దినములలో నొక బాలుడు రైసుమిల్లు జనరేటరువద్ద తన కంప్యూటరునకు ఛార్జి పెట్టించుకొని, తాను సొమ్మిచ్చి కొనిన యాటను దెఱవబోగా, ఖాతాలో మరల బ్రవేశింపుమని యంగడివారి తెర యడిగెనట. ఇంటర్నెట్టు లేదు, ఆట తెఱువబడలేదు. అన్నగారి కాలమునాటి డిస్కులోని యాటయే యా రాత్రులకు గాలక్షేపమైనది. ఇంటర్నెట్టు లేకుండ నాడుటకు నేర్పాట్లున్నవి గాని, యవి ముందుగ సిద్ధము చేసికొనినవారికే. తుపాను ముందుగ జెప్పి యాటలాడనిచ్చునా?

రెండవది, భారము. నేటి పెద్ద యాట లొక్కొక్కటి నూఱు జీ.బీ. మించుచున్నవి. ఇంటికి దీగె లేక ఫోనుమీద నాధారపడువానికి దినమునకు రెండు జీ.బీ. డేటా లభించిన, నొక్క యాట దింపుకొనుటకు నేబది దినములు పట్టును. కొనినవాడు ధర చెల్లించినది యొకనాడు. వస్తువు చేతికందునది మఱి రెండుమాసములకు.

మూడవది, పాత యంత్రముల గతి. 2019 జనవరి 1 నుండి విండోసు ఎక్స్‌పీ, విస్టాలపైనను, 2024 జనవరి 1 నుండి విండోసు 7, 8లపైనను స్టీము తన తోడ్పాటును మానుకొనినది. కంప్యూటరు మునుపటివలెనే పనిచేయుచుండవచ్చును; ఆ యాట యా కంప్యూటరుకొఱకే నిర్మింపబడినది కావచ్చును; నడుమనున్న ద్వారపాలకుడు మాత్రము దలుపు తీయుటకు బూచీపడడు. అన్న వాడి విడిచిన కంప్యూటరును దమ్ముడు వాడుకొనెడి మధ్యతరగతి కుటుంబములకు నిది స్వల్పవిషయము కాదు.

నాలుగవది యన్నిటికంటె ముఖ్యము: ఆటకు మరణశిక్ష. యూబిసాఫ్టువారు 2014 డిసెంబరులో ‘ది క్రూ’ అను మోటారు పందెముల యాటను వెలువరించిరి. ఒంటరిగ నాడువానికిగూడ సంస్థవారి సర్వరుతో సంబంధ మావశ్యకము. 2024 మార్చి 31వ తేదీన నా సర్వరులను మూసిరి. కొనినవారి యాట యంతటితో నంతరించెను. రాస్ స్కాట్ అను నాయన దీనిని నిరసించి, “ఆటలను జంపకుడు” అను నుద్యమము లేవదీసెను. యూరపు సమాఖ్యలో బౌరుల వినతిపత్రముపై బదిలక్షలకు మించిన సంతకములు 2025 జూలైలో సమకూడినవి. ఆటలకై యింత యలజడియా యని నవ్వువారు, తాము సొమ్మిచ్చి కొనిన పుస్తకమును బ్రచురణకర్త పదేండ్ల తరువాత నింటికి వచ్చి యెత్తుకొనిపోయిన నవ్వుదురా?

దస్తావేజు భాష

మన క్రయదస్తావేజులలో “దాన వినిమయ విక్రయాది సర్వహక్కులతో, బుత్రపౌత్రపారంపర్యముగ ననుభవింపవలయును” అని వ్రాయుట పాఠకు లెఱిగినదే. విక్రయమనగా నది. స్టీమువారి యొడంబడిక చదివిన, సరకు విక్రయింపబడుట లేదనియు, వాడుకొనుట కనుమతి మాత్రమే యీయబడుచున్నదనియు దెలియును. దానము లేదు, వినిమయము లేదు, పునర్విక్రయము లేదు. ఖాతాను వీలునామాద్వారా వారసునకు సంక్రమింపజేయుటకును వీలులేదని యొక వినియోగదారుని ప్రశ్నకు 2024 మేలో స్టీమువారు బదులిచ్చినట్లు లోకమునకు వెల్లడియైనది. అదే సంవత్సరమున నార్గురవఱకు గుటుంబసభ్యు లాటలను బంచుకొను నేర్పాటు చేసిరి. అది మెచ్చదగినదే కాని, యొకే యింట నుండువారి కుద్దేశించినది. అన్న హైదరాబాదులో నుద్యోగము, తమ్ముడు జలుమూరులో జదువు అయిన మన సంసారముల కిది చాలని వస్త్రము.

అనుమతి నిచ్చుట తప్పు కాదు. కౌలును గౌలుగా జెప్పిన నెవరు తప్పుబట్టుదురు? కౌలునకిచ్చి, తెరపై మాత్రము ‘కొనుము’ అని వ్రాయుటయే తప్పు. అమెరికాలో గాలిఫోర్నియా రాష్ట్రమువారు దీనిని గుర్తించి 2024 సెప్టెంబరులో జట్టము చేసిరి. అనుమతిని మాత్ర మిచ్చుచు ‘కొనుము’ అను మాట వాడువారు, ఆ సంగతిని గొనువానికి స్పష్టముగ దెలుపవలయును. అది 2025 జనవరి 1 నుండి యమలులోనికి వచ్చెను. అంతకుముందే 2024 అక్టోబరులో స్టీము తన చెల్లింపు తెరపై నట్టి ప్రకటన నుంచెను. ఆస్ట్రేలియాలో వాపసు హక్కును మఱుగుపఱచినందుకు 2016లో వాల్వుపై ముప్పదిలక్షల డాలర్ల జరిమానా పడెను. ఆటల పునర్విక్రయము చెల్లునని పారిసు న్యాయస్థానము 2019లో దీర్పు చెప్పగా, 2022లో బై న్యాయస్థానము దానిని ద్రోసివేసెను. న్యాయశాస్త్రమింకను దడబడుచునే యున్నది.

కర్తవ్యము

ఈ తాళము ప్రకృతిసిద్ధ మనుకొనరాదు. 2008లో పోలెండుదేశమున బ్రారంభమైన ‘గాగ్’ అను నంగడి తాళములేని యాటలను విక్రయించుచు, స్థాపకపుదస్త్రమును గొనువాని చేతికే యిచ్చుచున్నది. దానిని దాచుకొనినవానికి దుపాను భయము లేదు. స్టీములోని యాటలన్నిటికిని దాళము లేదు. వేయుటయు మానుటయు నిర్మాతల యిష్టము. ఆటగాండ్ర యభిప్రాయమునకు బలము లేదనుటయు సరికాదు. 2024 మేలో ‘హెల్‌డైవర్సు 2’ అను నాటకు సోనీవారి ఖాతాగూడ దప్పనిసరియని ప్రకటింపగా, స్టీములోనే లక్షలకొలది ప్రతికూల సమీక్షలు వెల్లువెత్తినవి. కొలదిదినములలోనే యా యుత్తరువు రద్దయ్యెను.

మనదేశమున 2019 నాటి వినియోగదారుల రక్షణచట్టమును, 2020 నాటి ఈ-కామర్సు నియమములును గలవు. ఆ నియమములు డిజిటలు సరకులకును వర్తించును. వానికి మూడు షరతులు చేర్చిన జాలును. అనుమతిని విక్రయమని పేర్కొనరాదు. ఆటకు సర్వరు సంబంధమెంత యవసరమో, ఇంటర్నెట్టు లేకున్న నాడవచ్చునో లేదో, ధర ప్రక్కనే తెలుపవలయును. సర్వరును మూయదలచినవారు, ముందుగ నాటను స్వతంత్రముగ నాడదగిన స్థితిలో గొనినవారి కప్పగింపవలయును. ఈ షరతులవలన స్టీమునకు గాని, హైదరాబాదు నిర్మాతకు గాని నష్టము లేదు.

యువకులకు మా మనవి: వేదికను వాడుకొనుడు, దాని మేలును ద్రోసివేయకుడు. అయితే ఒకే యాట రెండు అంగళ్లలో దొరకునపుడు తాళములేని చోటనే కొనుడు. స్థాపకపుదస్త్రమును వేఱొక డ్రైవుపై దాచుకొనుడు. తండ్రి సొమ్ముతో గొనునపుడు, కొనుచున్నది యేమో యాయనకు జెప్పుడు. శ్రీముఖలింగమున నా గృహస్థుడు తన పొలములను గొనిననాడు దస్తావేజు చదివించుకొని మఱి వ్రేలిముద్ర వేసెనట. రెండువేల రూపాయల వస్తువైనను నాయన యడిగిన ప్రశ్న యదియే. దానికి సూటిగ బదులుచెప్పుట యమ్మువాని విధి. చెప్పువఱకు నడుగుచుండుట కొనువాని విధి.