బరంపురం గాలికి ఏ క్యాబినెట్?

విడిభాగాలు కొని కంప్యూటర్‌ని ఇంట్లోనే బిగించుకుందామనుకునే కుర్రాళ్ళ చీటీలో క్యాబినెట్‌ది ఎప్పుడూ ఆఖరి వరుస. ప్రాసెసర్‌కి ఇంత, మదర్‌బోర్డుకి ఇంత, ర్యామ్‌కి ఇంత అని లెక్కేశాక మిగిలిన రెండు వేలో మూడు వేలో దానికి. అందులో తప్పేం లేదు, క్యాబినెట్ లెక్కలు కట్టదు, ఆటలు ఆడించదు. అయితే బరంపురంలో దానికి ఇంకో పని ఉంది. గోపాల్‌పూర్ సముద్రం ఊరికి పదిహేను పదహారు కిలోమీటర్లే. ఆ ఉప్పుగాలికీ, వానాకాలపు చెమ్మకీ, రోడ్డు దుమ్ముకీ, గోడ మీది బల్లులకీ మదర్‌బోర్డు దొరక్కుండా కాపాడేది ఆ రేకుపెట్టె ఒక్కటే. ఢిల్లీలోనో బెంగుళూరులోనో కూర్చుని వీడియోలు చేసేవాళ్ళు ఈ సంగతి పెద్దగా చెప్పరు. వాళ్ళ ఊళ్ళలో ఉప్పుగాలి బాధ లేదు మరి.

ముందు కొలతలు చూద్దాం. క్యాబినెట్ నచ్చిందని కొనేసి, ఆ తరవాత బోర్డు వెతుక్కోవడం తలకిందుల పని. 1995లో ఇంటెల్ ఏటీఎక్స్ అనే కొలత తెచ్చింది. ఆ బోర్డు 305 మిల్లీమీటర్ల పొడవు, 244 వెడల్పు. మైక్రో ఏటీఎక్స్ అటూ ఇటూ 244. మినీ ఐటీఎక్స్ 170. చవగ్గా దొరికే బోర్డుల్లో చాలామటుకు మైక్రో ఏటీఎక్స్‌వే. బీ450ఎం, హెచ్610ఎం లాంటి పేర్లలో అంకె తరవాత వచ్చే ఎం దాని గుర్తు. పెద్ద క్యాబినెట్‌లో చిన్న బోర్డు కూర్చుంటుంది గానీ చిన్నదాంట్లో పెద్దది పట్టదు. మైక్రో ఏటీఎక్స్ బోర్డు కొంటున్నవాళ్ళు దానికి తగ్గ చిన్న క్యాబినెట్‌తో సరిపెట్టుకుంటే డబ్బూ మిగులుతుంది, బల్ల మీద చోటూ మిగులుతుంది. ఇంకో రెండు కొలతలు కూడా అడగాలి. గ్రాఫిక్స్ కార్డుకి ఎంత పొడవు చోటుంది, ప్రాసెసర్ కూలర్‌కి ఎంత ఎత్తుంది. 120 మిల్లీమీటర్ల ఫ్యాన్ తగిలించిన టవర్ కూలర్ నిలబడాలంటే సుమారు 160 మిల్లీమీటర్ల ఎత్తు కావాలి. ప్రాసెసర్‌తో పాటు వచ్చే పొట్టి కూలర్‌కైతే ఈ చింత లేదు.

ఇక గాలి. అసలు విషయం ఇదే.

ఫ్యాన్ ఎంత పెద్దదైనా గదిలో ఉన్న గాలికంటే చల్లగా చేయలేదు. ఏసీ లేని గదిలో మే నెల మధ్యాహ్నం 36 డిగ్రీలుంటే, ప్రాసెసర్ వేడి ఆ 36 మీదినుంచే లెక్క మొదలెడుతుంది. కాబట్టి లోపల పుట్టిన వేడిని ఎంత త్వరగా బయటికి తోస్తామన్నదొక్కటే మన చేతిలో ఉంది. కొంచెం లెక్క వేద్దాం, కష్టమైనదేం కాదు. ప్రాసెసర్, గ్రాఫిక్స్ కార్డు కలిసి 250 వాట్లు వాడుతున్నాయనుకోండి. ఆ కరెంటంతా చివరికి వేడిగానే మారుతుంది. లోపలి గాలి గది కంటే పది డిగ్రీలకు మించి వేడెక్కకూడదంటే నిమిషానికి దాదాపు 1.3 ఘనపు మీటర్ల గాలి పెట్టెలోంచి సాగిపోవాలి. ఫ్యాన్ అట్టల మీద రాసే కొలతలో అది 46 సీఎఫ్‌ఎం. మామూలు 120 మిల్లీమీటర్ల ఫ్యాన్ ఎదురుగా ఏ అడ్డూ లేనప్పుడు 40 నుంచి 60 వరకు తోస్తుంది. దాని ముందు గాజు పలక పెట్టి, గాలి రావడానికి పక్కన వేలి మందం సందు వదిలితే అందులో ఎంత వస్తుందో మీరే ఊహించుకోండి.

దుకాణాల్లో మూడు వేల లోపు ధరకి బాగా అమ్ముడుపోయేది సరిగ్గా ఈ గాజు మొహం పెట్టెలే. ముందు గాజు, దాని వెనక రంగురంగుల దీపాలున్న మూడు ఫ్యాన్లు. చూడ్డానికి దసరా పందిరిలా ఉంటాయి. అదే ధరలో ముందు భాగమంతా ఇనుప జాలీ ఉన్నవి కూడా దొరుకుతాయి, అడగాలి అంతే. జాలీ ఉన్నది తీసుకోండి. కొనే ముందు దుకాణంలో ఫ్యాన్ ఆడించమని, ముందు భాగానికి ఒక పల్చటి కాగితం ఆనించి చూడండి. లోపలికి లాక్కుని అంటుకుంటే సరే, జారి కింద పడిందంటే ఆ దారిలో గాలి రావడం లేదన్నమాటే. గ్రాఫిక్స్ కార్డు లేకుండా రైజెన్ 5 5600జీ లాంటి 65 వాట్ల ప్రాసెసర్‌తో చదువుకి, ఆఫీసు పనికి మిషన్ కట్టుకునేవారికి ఇంత హంగామా అక్కర్లేదు. జాలీ పెట్టె, ఒకటో రెండో ఫ్యాన్లు, అంతే.

ఇప్పుడు ఉప్పు సంగతి. సముద్రపు గాలిలో వచ్చే ఉప్పు రేణువులు దుమ్ముతో కలిసి బోర్డు మీద పడతాయి. పొడిగా ఉన్నంతసేపు వాటివల్ల పెద్ద ప్రమాదం లేదు. కానీ గాలిలో తేమ సుమారు 75 శాతం దాటితే ఉప్పు ఆ తేమని లాక్కుని తడిసిపోతుంది. వానాకాలంలో ఉప్పుజాడీ మూత తీసి ఉంచితే ఏమవుతుందో ఇంట్లో అందరికీ తెలుసు, బోర్డు మీదా అదే. ఆ తడి కరెంటుకి దారి ఇస్తుంది, రాగి తీగల్ని, కనెక్టర్ల కాళ్ళని తినేస్తుంది. దీనికి విరుగుడు వేడిలోనే ఉంది. 30 డిగ్రీల దగ్గర 80 శాతం తేమ ఉన్న గాలిని 40 డిగ్రీలకు వేడిచేస్తే తేమ 46 శాతానికి పడిపోతుంది. అంటే నడుస్తున్న కంప్యూటర్ తన లోపలి భాగాన్ని తానే ఆరబెట్టుకుంటుంది. నెలల తరబడి మూలన పడేసిన మిషనే ఎక్కువ చెడుతుంది. 2013 అక్టోబర్ 12 రాత్రి ఫైలిన్ తుపాను గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటాక ఊళ్ళో రోజుల తరబడి కరెంటు లేదు. మళ్ళీ అలాంటి తుపాను వచ్చి పోయిందనుకోండి. కరెంటు వచ్చీరాగానే స్విచ్చి నొక్కకుండా, పక్క పలక తీసి కొన్ని గంటలు టేబుల్ ఫ్యాన్ ముందు పెట్టడం మంచిది. అందుకే చేత్తో విప్పగలిగే మరలున్న క్యాబినెట్ చూసుకోమంటాను.

ఉప్పూ దుమ్మూ లోపలికి తక్కువగా వచ్చేలా చేసే ఉపాయం ఒకటుంది, దానికి ఖర్చు దాదాపు లేదు. లోపలికి గాలి లాగే ఫ్యాన్లు బయటికి తోసే వాటికంటే ఎక్కువ ఉండాలి. ముందు రెండు లోపలికి, వెనక ఒకటి బయటికి. అప్పుడు పెట్టెలో గాలి కాస్త ఒత్తిడిగా నిండి, ప్రతి సందులోంచీ బయటికే పోతుంది. వచ్చేదంతా ముందు వైపునుంచే కాబట్టి అక్కడ ఒక ఫిల్టర్ పెడితే చాలు. చవక పెట్టెల్లో తరచూ వెనక ఒక్క ఫ్యానే బిగించి ఇస్తారు. అది బయటికి తోస్తుంటే కన్నం ఉన్న ప్రతి చోటునుంచీ వడకట్టని గాలి లోపలికి దూరుతుంది. ఫిల్టర్ బయటికి లాగి కడుక్కునేలా ఉండాలి, మరలు విప్పి తీయాల్సిందైతే ఎవరూ కడగరు. పట్టు మగ్గం ఉన్న ఇంట్లోనైతే పీచు త్వరగా పేరుకుంటుంది, వారానికోసారి దులపాలి. అడుగునుంచి గాలి లాగే క్యాబినెట్‌ని నేల మీద పెట్టకండి. చిన్న పీటైనా వేయండి.

రేకు గురించి ఒక మాట. వివరాల పట్టీలో ఎస్‌పీసీసీ అని ఉంటే అది రంగు వేసిన మామూలు ఉక్కు రేకు. ఎస్ఈసీసీ అంటే దాని మీద జింకు పూత ఉన్నట్టు. చవక రకాల్లో చాలావరకు మొదటిదే ఉంటుంది, మందం 0.4, 0.5 మిల్లీమీటర్లు. మన ఊళ్ళో తుప్పు మొదలయ్యేది రంగు లేచిన చోట, అంటే మర కన్నాల దగ్గర, కోసిన అంచుల దగ్గర. అక్కడ కొన్నరోజే రంగు పూసుకుంటే చాలా కాలం వస్తుంది.

దుకాణంలో ‘క్యాబినెట్ విత్ ఎస్ఎంపీఎస్’ అని ఒకే ధరకి రెండూ చూపిస్తారు. ఇక్కడే చాలామంది దెబ్బతింటారు. క్యాబినెట్‌తో ఉచితంగా వచ్చినట్టు కనిపించే ఆ కరెంటు డబ్బా మీద 450 వాట్లు అని పెద్ద అక్షరాల్లో ఉంటుంది. దాన్ని నమ్మకండి. కింద చిన్న పట్టికలో 12 వోల్టుల వరుస చూసి, అక్కడున్న ఆంపియర్లని 12తో గుణించండి. 16 ఆంపియర్లని ఉంటే 192 వాట్లు. ఈనాటి కంప్యూటర్ తినేది దాదాపు అంతా ఆ 12 వోల్టుల నుంచే, కాబట్టి మీరు కొంటున్నది 192 వాట్ల సరుకు, 450 కాదు. ఇలాంటిది చెడిపోయేటప్పుడు ఒంటరిగా పోదు, బోర్డునీ వెంట తీసుకుపోవచ్చు. ఉత్త క్యాబినెట్ కొనండి. ఎస్ఎంపీఎస్ విడిగా, 80 ప్లస్ గుర్తున్నది, పేరున్న కంపెనీది తీసుకోండి. రంగుల ఫ్యాన్ల మీద మిగిల్చింది ఇక్కడ పెట్టాలి.

ఇంకోటి. పాత ఇళ్ళలో కంప్యూటర్ రేకు ముట్టుకుంటే వేళ్ళు జివ్వుమంటాయి. అది క్యాబినెట్ లోపం అనుకుని మార్చినవాళ్ళున్నారు. కారణం వేరు. ఎస్ఎంపీఎస్ లోపల కరెంటు రెండు తీగలనుంచీ ఎర్త్‌కి చెరో చిన్న కెపాసిటర్ ఉంటుంది. గోడ సాకెట్లో ఎర్త్ సరిగా ఉంటే వాటిగుండా వచ్చే చిటికెడు కరెంటు భూమిలోకి దిగిపోతుంది. లేకపోతే 230 వోల్టుల్లో సగం, అంటే 115 వోల్టుల దాకా, ఆ రేకు మీద నిలబడుతుంది. కరెంటు కొంచెమే గనక జివ్వుమని వదిలేస్తుంది, కానీ దాన్ని అలాగే వదిలేయకూడదు. క్యాబినెట్‌కి వెయ్యి ఎక్కువ పెట్టే ముందు ఎలక్ట్రీషియన్‌ని పిలిచి ఎర్తింగ్ చూపించండి. ప్లగ్గులో మూడో కాలు విరగ్గొట్టి రెండు కాళ్ళ సాకెట్లో దూర్చే అలవాటు ఈ జిల్లాలో ఇంకా పోలేదు.

బల్లుల మాట మొదట్లో అన్నాను. చవక క్యాబినెట్ వెనక, కార్డులు దిగే చోట, రేకు పట్టీలు అచ్చులోనే అతికి ఉంటాయి. ఒకటి విరిచి తీస్తే మళ్ళీ పెట్టలేం, ఆ కన్నం అలా ఉండిపోతుంది. వెచ్చగా ఉండే చోటు కదా, చలికాలంలో బల్లులూ బొద్దింకలూ అక్కడే కాపురం పెడతాయి. మర బిగించే పట్టీలున్నవి చూసుకోండి. కన్నం ఇప్పటికే పడి ఉంటే కిటికీ దోమతెర ముక్క లోపలినుంచి టేపుతో అతికించండి. దుమ్ముని అది ఆపదు, బల్లిని ఆపుతుంది.

కొత్తది కొనాలనే అసలు అనుకోనక్కర్లేదు కూడా. ఏటీఎక్స్ కొలతలు 1995 నుంచి పెద్దగా మారలేదు కాబట్టి అటక మీదున్న ఇరవై ఏళ్ళ నాటి పెట్టెలో ఈ ఏడాది బోర్డు బిగుసుకుంటుంది. అప్పటి రేకు ఇప్పటి చవక రేకుకంటే మందం కూడా. లోటు ఫ్యాన్ల దగ్గర వస్తుంది, అప్పట్లో 80 మిల్లీమీటర్లవే పెట్టేవారు. ముందు రేకులో గుండ్రటి కన్నం కోయించి, 120 ఫ్యాన్‌కి మర కన్నాలు నాలుగూ 105 మిల్లీమీటర్ల ఎడంలో పడేలా వేయిస్తే సరిపోతుంది. రేకు పని చేసే ఏ షాపులోనైనా అయ్యే పనే. పాత ఇనుముతో బొమ్మలు చేసి పార్కు నింపిన ఐటీఐ ఉన్న ఊరు ఇది, ఒక కన్నం కోయించడం కష్టమా! పెద్ద కంపెనీల ఆఫీసు కంప్యూటర్ల పెట్టెలు మాత్రం వద్దు. చాలా వాటిలో బోర్డు కన్నాలూ ఎస్ఎంపీఎస్ ఆకారమూ వాళ్ళ సొంతం, మన సామాను అందులో అమరదు.

ఎక్కడ కొనాలి? ఊళ్ళో రకాలు తక్కువ. భువనేశ్వర్ సుమారు 170 కిలోమీటర్లు, విశాఖ దానికంటే దాదాపు వంద ఎక్కువ. ఆన్‌లైన్‌లో తెప్పిస్తే కొరియర్ వాళ్ళు బరువుతో పాటు సైజు కూడా లెక్కేస్తారు. పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి 5000తో భాగిస్తారు. 50, 45, 25 సెంటీమీటర్ల అట్టపెట్టె అసలు బరువు అయిదు కిలోలే అయినా పదకొండు కిలోలకు పైగా లెక్క పడుతుంది. అందుకే రెండు వేల క్యాబినెట్‌కి రవాణా ఛార్జీ చూసి గుండె జారుతుంది. అదంతా కలుపుకుంటే ఊళ్ళో దుకాణం మూడు నాలుగు వందలు ఎక్కువ చెప్పినా నష్టం లేదు. పైగా కాగితం ఆనించి చూడొచ్చు, మర బిగించి చూడొచ్చు. విశాఖనుంచి రైల్లో తెచ్చుకునేవాళ్ళు పక్కకి గాజు పలక కాకుండా రేకు పలక ఉన్నదే అడగండి. టెంపర్డ్ గాజు మధ్యలో దెబ్బ తగిలితే తట్టుకుంటుంది గానీ, మూల వెళ్ళి టైల్సుకి తగిలిందంటే పలకంతా ఒక్కసారే పొడి అయిపోతుంది.